తొమ్మిదేళ్ళు ఆగని రైలు

మొదలుపెట్టేనాటికి బకెట్ల షావుకారు చేతిలో ఉన్నవి ఇవి: నాలుగు రోడ్ల కూడలిలో ఒక కొట్టు, దాని నిండా ప్లాస్టిక్ సామాను, ఆ కొట్టుకు ఏళ్ళ తరబడి పడ్డ మంచి పేరు, ఆ పేరును నిలబెడుతున్న భార్య. ఇవి కాక ఇంకొకటి ఉంది కానీ దాన్ని సరుకు కింద రాసుకోవడానికి వీల్లేదు. అది విసుగు.

బకెట్లు అమ్మేవాడి విసుగు మరొకరికి అర్థం కాదు. మంచి బకెట్ ఇస్తే కొన్నవాడు పదేళ్ళ దాకా మొహం చూపించడు. నాసిరకం ఇస్తే మర్నాడే వస్తాడు, కానీ కొనడానికి కాదు, పోట్లాడటానికి. ఎటు చూసినా నష్టం కొట్టువాడిదే. జనం నవ్వుతూ వచ్చి, డబ్బిచ్చి అరిచి, నవ్వుతూ బయటికి పోయి, మళ్ళీ వరుసలో నిలబడే వ్యాపారం ఈ భూమ్మీద ఎక్కడైనా ఉంటుందా అని షావుకారు మగ్గుల మధ్య కూర్చుని ఆలోచించేవాడు. ఉందని, అది రెండు వీధుల అవతలే ఉందని ఒక మధ్యాహ్నం కోటు పెద్దమనిషి వచ్చి చెప్పాడు.

మండుటెండలో కూడా కోటు విప్పడు కాబట్టి ఆయనకు ఆ పేరు. దుకాణాల సముదాయం పై అంతస్తులో, ఒకప్పుడు సినిమా హాలుగా ఉన్న పెద్ద గదిలో ఆయన రోలర్ కోస్టర్ నడిపేవాడు. గదిలోనే ఎక్కడం, గదిలోనే పడటం, గదిలోనే తిరగడం. వానొచ్చినా ఎండకాసినా ఆ రైలుకు ఒకటే. అయితే జనం కేకలు విని విని ఆయన చెవుల్లో హోరు పట్టుకుంది. నిశ్శబ్దంగా ఉండే పని చూసుకోమని డాక్టరు చెప్పాడట. బకెట్ కంటే నిశ్శబ్దమైన సరుకు ఇంకేముంటుంది? అందుకని నీది నాకు, నాది నీకు అన్నాడు. కొట్టుకు రోలర్ కోస్టరు.

షావుకారు మనసు అప్పటికే రైలెక్కేసింది. అయినా అలవాటు కొద్దీ పెదవి విరిచి, పాతదేమో కదా అన్నాడు.

"దాని చరిత్ర చూసుకో షావుకారూ. తొమ్మిదేళ్ళు. ఒక్క ప్రమాదం లేదు. ప్రమాదం సంగతి అటుంచు, మధ్యలో ఒక్కసారి ఆగింది కూడా లేదు. అలాంటి సరుకు నీ కొట్టులో ఒక్కటి చూపించు."

ఆ సంగతే రైలు గది గుమ్మం మీద బంగారు రంగు అక్షరాలతో పెద్ద బోర్డు మీద రాసి ఉంది కూడా. తొమ్మిది అన్న అంకెను మాత్రం ఏటేటా చెరిపి మార్చినట్టు దాని చుట్టూ రంగు కాస్త మందంగా ఉంది.

భార్య అంతా విన్నది. వింటూనే స్టూళ్ళు ఒకదాంట్లో ఒకటి సర్దింది. కొట్టులో సగం తన కష్టమే కాబట్టి తన మాట కూడా పడాలంది.

"ఊరందరి సరుకూ మనం వాపసు తీసుకుంటాం. మనం కొన్నదానికి ఆ వీలు ఎందుకుండకూడదు? బడి సెలవులు అయ్యేదాకా గడువు పెట్టించండి. నచ్చకపోతే ఎవరిది వాళ్ళకి."

కోటు పెద్దమనిషి దానికి ఒప్పుకుని, అదే వీలు తనకూ ఉండాలని కాగితం మీద ఇంకో ముక్క రాయించాడు. న్యాయమే కాబట్టి షావుకారు సంతకం పెట్టాడు. ఇంటికొచ్చాక భార్య తన సొంత షరతు బయటపెట్టింది. ఆ గడువులోపల తన తల్లిని ఆ రైలెక్కించి, తన కళ్ళముందు క్షేమంగా దింపాలి. అప్పుడే ఆ రైలు తమది. లేదంటే మర్నాడే పోయి మగ్గుల మధ్య కూర్చోవడమే.

ఇది షావుకారుకు షరతులాగే అనిపించలేదు. అత్తగారు భయమంటే ఏమిటో తెలియని మనిషి. రైలు మాట చెవిన పడ్డప్పటినుంచి ఎప్పుడు ఎక్కిస్తారని ఆవిడే అడుగుతోంది.

*

రైలంటే చిన్న రైలే. ఐదు పెట్టెలు, పెట్టెకు నలుగురు. మనిషి కూర్చోగానే ఒడి మీదికి ఒక ఇనుప రాడ్డు దిగి బిగుసుకుంటుంది. కింద గొలుసు రైలును పట్టుకుని టకటకమంటూ కప్పు దాకా లాక్కెళ్తుంది. పైన ఒక్క క్షణం ఊపిరి పీల్చుకున్నట్టు నిలిచి, చీకట్లోకి దూకుతుంది. మూడు మెలికలు, అట్టతో చేసిన ఒక గుహ, గోడలకు అంటించిన మెరిసే చుక్కలు, అంతే. ఎక్కినచోటికే వచ్చి ఆగుతుంది. దిగినవాళ్ళ జుట్టు మాత్రం ఎక్కినప్పుడు ఉన్నచోట ఉండదు.

దీన్ని నడిపే ఆపరేటరు సామానుతోపాటే షావుకారుకు దక్కాడు. గాజు గదిలో బల్ల ముందు అతని కుర్చీ. బల్ల మీద సీటుకొక దీపం. రాడ్డు సరిగ్గా బిగుసుకుంటే పచ్చ, లేకపోతే ఎరుపు. అన్నీ పచ్చగా ఉంటేనే రైలు కదలాలి. పైకి ఎక్కే దారిలో ఏ ఒక్కటి ఎర్రబడినా గొలుసు ఆగిపోవాలి. తయారుచేసినవాళ్ళు పెట్టిన ఏర్పాటు అది.

సెలవులకు వారం ముందు షావుకారు సీట్లు తుడవడానికి వెళ్ళాడు. తుడవాలి కాబట్టి రాడ్లన్నీ పైకెత్తించాడు. గుడ్డ పిండుకుంటూ తలెత్తి చూస్తే గాజు గదిలో దీపాలన్నీ పచ్చగా వెలుగుతున్నాయి.

రాడ్లు గాల్లో ఉంటే దీపాలు పచ్చగా ఎందుకున్నాయని అడిగాడు.

"అవి ఎప్పుడూ పచ్చగానే ఉంటాయండీ" అన్నాడు ఆపరేటరు, బుద్ధిమంతుడైన కొడుకు సంగతి చెప్పుకున్నట్టు.

షావుకారు చేతిలో గుడ్డ ఆగిపోయింది. పళ్ళెంలో ఏమీ వెయ్యకుండానే కిలో చూపించే కాటాను అతను జీవితంలో చాలాసార్లు చూశాడు. అలాంటి కాటా ఉన్న కొట్లో తను గుండుసూది కూడా కొనడు. మోకాళ్ళ మీద కూర్చుని సీటు కింద చెయ్యి పెట్టాడు. బొటనవేలంత మీట తగిలింది. రాడ్డు దిగినప్పుడు నొక్కుకోవాల్సిన మీట అది. దాన్ని ముందే నొక్కిపెట్టి, మీద టేపు చుట్టేశారు. పక్క సీటు కిందా టేపే. ఆ పక్కదీ అంతే.

ఆపరేటరు దాచలేదు. దాచాల్సిన సంగతి అని అతనికి తోచనే లేదు. మొదట్లో మీటల్లోకి పాప్‌కార్న్ నలుసులు పోయి ఊరికే దీపం ఎర్రబడేదట, రైలు ఆగేదట, పిల్లలు ఏడ్చేవారట, పెద్దవాళ్ళు డబ్బు వెనక్కిమ్మని గొడవచేసేవారట. ఆగిన ప్రతిసారీ కోటు పెద్దమనిషి తిట్టేవాడట. ఒకరోజు ఒక మీటకు టేపు వేస్తే ఆరోజు తిట్లు తప్పాయి. ఇంకోరోజు ఇంకోటి వేశాడు. అలా అలా అన్నీ అయిపోయాయి.

"కానీ ఊరికే పంపలేదండీ. ప్రతి రాడ్డూ చేత్తో గుంజి చూశాకే పంపేవాణ్ణి. ఈ భుజం చూడండి, అరిగిపోయింది."

ఏటా తనిఖీకి వచ్చేవారు కదా, వాళ్ళ కంట పడలేదా అంటే, వచ్చే రోజు ముందే తెలుస్తుంది కాబట్టి ఆ పొద్దున టేపులు పీకేసి, సాయంత్రం కొత్తవి వేసేవాణ్ణన్నాడు.

షావుకారు పెట్టె అంచు మీద కూర్చుండిపోయాడు. తను పప్పులో కాలేసిన చోటు ఇప్పుడు తెలిసింది. కొట్టుకు వాపసు వచ్చే సామాను గురించి అతనికి తెలిసినంత ఎవరికి తెలుసు? తొమ్మిదేళ్ళలో ఒక్క బకెట్ కూడా వాపసు రాలేదని ఏ కొట్టువాడైనా అంటే, రెండే కారణాలు. వాడు బకెట్లు అమ్మకుండానైనా ఉండాలి, వచ్చినవాళ్ళను గుమ్మంలోనే తరిమేసైనా ఉండాలి. అంత తెలిసినవాడు బంగారు అక్షరాలు చూసి నోరు వెళ్ళబెట్టాడు. తనను తానే తిట్టుకున్నాడు.

తరవాత లెక్క వేశాడు. టేపులు పీకితే రైలు ఆగుతుంది. ఆగితే జనం నవ్వుతారు, సెలవుల వ్యాపారం పోతుంది, వ్యాపారం లేని రైలును భార్య ఉండనివ్వదు. టేపులు ఉంచితే ఆపరేటరు భుజం మీద భారం వేసి తోసుకుపోవాలి. మూడో దారి సులువైనది. చేతులు దులుపుకుని వాపసు ఇచ్చెయ్యడం. కానీ వాపసు ఇస్తే కోటు పెద్దమనిషి దీన్ని ఆపుతాడా? ఎప్పటిలాగే నడుపుతాడు. బకెట్ పగిలితే నీళ్ళు పోతాయి. ఇది విడిపోతే ఏం పోతుందన్న చోట అతని లెక్క ఆగిపోయింది. లేచి టేపులు తన గోళ్ళతోనే ఒక్కొక్కటీ పీకేశాడు.

*

లోపం కొనేవాడి కంట పడకముందే మనమే చెప్పెయ్యాలన్నది అతని వ్యాపారంలో మొదటి సూత్రం. అందుకని తనిఖీ ఇంజనీరుకు తనే ఫోన్ చేసి రమ్మన్నాడు. తనిఖీకి రమ్మని తమంతట తామే పిలిచేవాళ్ళను ఆవిడ ఎరగదు, వచ్చి చూసేదాకా నమ్మలేదట. పీకిన టేపుల ఉండను చూపించి జరిగింది చెప్పాడు. ఆవిడ దాన్ని చేతిలో తిప్పి చూసింది.

"ముందే చెప్పి వచ్చినందుకు నాకు తగిన శాస్తే. ఇకమీదట చెప్పకుండా వస్తాను" అంది. "ఒక మాట. ఈ రైలు రోజూ ఆగుతుందండీ. సిద్ధంగా ఉన్నారా? ఎప్పుడూ ఆగని రైలంటేనే నాకు భయం, కానీ మీ జనానికి ఆగేదంటే భయం."

ఆ భయానికి మందు తన దగ్గరుందన్నాడు షావుకారు. ఆవిడ రెండు రోజులు కూర్చుని, సీటు సీటుకూ మీటలు శుభ్రం చేయించి, బ్రేకులు, గొలుసు చూసి, అరిగినవి మార్పించి, నడుపుకోమంది.

అతని మందు కొట్టులోదే. బంగారు బోర్డు దింపించి, దాని స్థానంలో ఇంకోటి పెట్టించాడు. 'మా రైలు మీ క్షేమం కోసం అప్పుడప్పుడు ఆగుతుంది. ఆగితే ఇంకో ఆట ఉచితం.' సరుకు మార్చి ఇస్తామన్న మాటలో ఎంత బలం ఉందో అతనికి తెలుసు. నమ్మకం కొనుక్కోవడానికి అంతకంటే చవకైన దారి లేదు.

సెలవులు మొదలయ్యాయి. జనం వచ్చారు. మొదటి రోజే రైలు ఆగింది, ఎవరో పిల్లవాడి చాక్లెట్ కాగితం వల్ల. పెట్టెల్లోంచి ఒక్క విసుగు మాట రాలేదు సరికదా, చప్పట్లు కొట్టారు. షావుకారు కోస్టరుకు ఎదురుగా ఉన్న టీ బల్ల దగ్గర నిలబడి, భార్యకు ఫోన్ చేసి మరీ ఆ చప్పట్లు వినిపించాడు.

వారం తిరిగేసరికి ఆ చప్పట్లు అతనికి పీడకలలయ్యాయి. ఆగితే ఇంకో ఆట ఉచితమన్న ముక్క కాలేజీ కుర్రాళ్ళ చెవిన పడింది. రాడ్డు కింద పర్సు పెట్టేవాడొకడు, మోకాలు పైకి ఎగదన్నేవాడొకడు, జేబు నిండా పాప్‌కార్న్ తెచ్చి సీటు కింద చల్లేవాడొకడు. రైలు సగం దూరం ఎక్కడం, దీపం ఎర్రబడటం, ఆగడం, అందరూ ఈలలు వేయడం. ఒక మధ్యాహ్నమంతా రైలు ఒక్కసారి కూడా కప్పు దాకా పోలేదు. కింద దాకా దిగిరావాల్సిన కేకలు సగంలోనే ముగిసిపోతున్నాయి. వరుస మాత్రం వీధి దాకా ఉంది, అందరివీ ఉచిత ఆటలే. ఆపరేటరు తలపట్టుకుని, తప్పుగా అనుకోకపోతే తన దగ్గర కొత్త టేపు ఉండ ఒకటి ఉందన్నాడు. షావుకారు దాన్ని లాక్కుని కిటికీలోంచి విసిరేశాడు.

ఇంజనీరు చెప్పకుండా వచ్చింది ఆ రోజే. కాసేపు చూసి, రైలును ఆపిస్తే బహుమతి ఇస్తున్నారు కాబట్టి జనం చేత క్షేమాన్ని పాడుచేయిస్తున్నది మీరేనండీ అని నెమ్మదిగానే చెప్పి వెళ్ళింది. నెమ్మదిగా చెప్పడం వల్ల ఎక్కువ తగిలింది.

సాయంత్రం భార్య వచ్చింది. ఈ గోల తనకు పడదని అప్పటిదాకా గుమ్మం తొక్కలేదు. వచ్చి ఒక ఆట మొత్తం చూసి, గాజు గదిలో కుర్చీ లాక్కుని కూర్చుంది.

"మన కొట్టులో బకెట్ ఎప్పుడు మార్చి ఇచ్చేవాళ్ళం?"

"తయారీ లోపముంటే."

"వాళ్ళే కిందపడేసి పగలగొట్టి తెస్తే?"

"మార్చం" అన్నాడు షావుకారు.

"అంతా తెలిసి బోర్డు మీద సగం రాశారు. రెండో సగం ఎవరు రాస్తారు, కోటాయనా?"

మర్నాటినుంచి ఆ కుర్చీ ఆవిడదైంది, మైకు కూడా ఆవిడదే. ఆపరేటరు పెట్టెల దగ్గర ఉండి రాడ్లు గుంజి చూసేవాడు, అది అతనికి ఎలాగూ అలవాటే. రైలు ఆగితే హాలు దీపాలన్నీ వెలిగేవి. చీకట్లో దెయ్యాల కొంపలా ఉండే గది వెలుతుర్లో ఇనుప దూలాలు, నూనె మరకలు, అట్ట గుహ వెనక అతికించిన పాత పేపర్లతో పాపం మామూలుగా కనిపించేది. అప్పుడు మైకులో గొంతు వచ్చేది.

"మూడో పెట్టెలో చారల చొక్కా నాయనా, నీ పర్సులో అంత బరువుంటే ఇంకో టికెట్ కొనుక్కోవచ్చుగా. దిగి పక్క మెట్ల మీంచి రా. వరుసలో చివర్న నుంచో. మిగిలినవాళ్ళు గట్టిగా కూర్చోండి, రైలు బయల్దేరుతోంది."

చారల చొక్కావాడు ఇనుప మెట్ల మీద అందరూ చూస్తుండగా కిందికి దిగాల్సి వచ్చేది. ఆ మెట్లు ఎక్కువేం లేవు కానీ ఆ దిగడం చాలా పొడుగు. తప్పు రైలుదైతే మాత్రం ఆవిడ అదే గొంతుతో, ఇది మా తప్పే, అందరికీ ఇంకో ఆట అనేది. ఆగిన ప్రతిసారీ కారణం గుమ్మం దగ్గర నల్లబల్ల మీద రాసేది. చాక్లెట్ కాగితం, మాది. మోకాలు, వాళ్ళది. మీట తడి, మాది. వరుసలో నిలబడ్డవాళ్ళు అది చదివి నవ్వుకునేవారు. కొందరు చదివి లోపలికి వెళ్ళాక తమ రాడ్డు తామే ఒకసారి గుంజి చూసుకునేవారు.

నాలుగు రోజుల్లో మోకాళ్ళు తగ్గాయి, పర్సులు మాయమయ్యాయి. మైకులో ఆవిడ మాటలు వినడానికే వచ్చేవాళ్ళు కొందరు తయారయ్యారు. తన మీదికి తిట్లు రాకుండా, ఎదుటివాడి మీదికి వెళ్ళే తిట్లలో ఇంత సొగసుందని షావుకారుకు ఇన్నేళ్ళ కాపురంలో తెలియలేదు.

*

ఇక మిగిలింది షరతు. అత్తగారు పట్టు చీర కట్టుకుని, కళ్ళజోడు తాడుతో మెడకు బిగించుకుని వచ్చింది. ముందు పెట్టెలోనే కూర్చుంటానంది. వెనక కూర్చుంటే ముందువాళ్ళ తలలే కదా కనిపించేది అంది. పక్క సీట్లో అల్లుడు కూర్చున్నాడు. ఆపరేటరు ఇద్దరి రాడ్లూ గుంజి చూశాడు, గట్టిగానే ఉన్నాయి. గాజు గదిలో భార్య తల్లికేసి ఒకసారి చూసి, దీపాలకేసి చూసి, మీట నొక్కింది.

గొలుసు పట్టుకుంది. టకటకమంటూ పైకి లేచారు. సగం ఎక్కాక పట్టాల మీద చిన్న కుదుపు వచ్చింది, ప్రతిసారీ వచ్చేదే. ఆ వెంటనే రైలు ఆగింది. హాలు దీపాలు వెలిగాయి.

షావుకారు నవ్వుతూ పక్కకు తిరిగి, ఏం కాదత్తయ్యా, ఏ కాగితం ముక్కో అయ్యుంటుందన్నాడు.

"అల్లుడుగారూ, ఇది నా చేతికొచ్చింది" అంది అత్తగారు.

ఆవిడ ఒడి మీద ఉండాల్సిన రాడ్డు పైకి లేచి ఉంది. ఆవిడ దాన్ని వేళ్ళతో పైకీ కిందికీ ఆడిస్తూ, ఇలా ఉంటే పర్వాలేదా అన్నట్టు అల్లుడి మొహం చూస్తోంది. కప్పు ఇంకా సగం దూరంలో ఉంది. ఆ అవతలే చీకట్లోకి దూకుడు. షావుకారు రెండు చేతులా ఆవిణ్ణి సీటుకు అదిమి పట్టుకున్నాడు. రైలు కదలకుండా నిలబడి ఉన్నా వదల్లేదు.

"పర్వాలేదు పట్టు వదలండి, చీర నలుగుతోంది" అందావిడ.

భార్య మైకు వదిలేసి, ఇనుప మెట్ల మీంచి తనే ఎక్కి వచ్చింది. తల్లిని రెండు చేతులా లేపి, ఒక్కో మెట్టూ తనే ముందుండి దింపింది. కింద కూర్చోబెట్టి నీళ్ళు తాగించాక, భర్త దగ్గరికొచ్చి అడిగింది.

"టేపు ఉండుంటే దీపం పచ్చగానే ఉండేదా?"

ఉండేదన్నాడు షావుకారు. ఆవిడ తిరిగి గాజు గదిలోకి వెళ్ళి, మైకు తీసి, తప్పు మాది, ఇవాళ్టికి ఆటలు లేవు, అందరి డబ్బూ వెనక్కిస్తున్నాం అని చెప్పింది.

సీటు విప్పితే లోపల బిగింపు స్ప్రింగు అరిగి ఉంది. నిలబడి ఉన్నప్పుడు చేత్తో గుంజితే పట్టుకుంటుంది, కుదుపులో వదిలేస్తుంది. ఇంజనీరు అది చూసి తన పాత కాగితం బయటికి తీసింది. తన తనిఖీలో ఆ సీటును తనే గుంజి, బాగుందని రాసిందట. స్ప్రింగులన్నీ మార్చాలంది, షావుకారు మార్చాల్సిందేనన్నాడు. సెలవుల మధ్యలో, గిరాకీ మంచి జోరు మీదున్నప్పుడు రైలు మూతపడింది. నల్లబల్ల మీద భార్య పెద్ద అక్షరాలతో రాసింది: స్ప్రింగు, మాది.

షావుకారు ఇక కథ కంచికేనని అనుకున్నాడు. స్ప్రింగు అని గుమ్మంలోనే రాసి పెట్టుకున్న రైలు ఎవరెక్కుతారు? మళ్ళీ తెరిచిన రోజున మాత్రం వరుసలో అందరికంటే ముందు అదే పట్టు చీర కనిపించింది. ఆరోజు పైదాకా పోలేదు, తనకు ఒక ఆట రావాలి, తప్పు మీదే కాబట్టి ఉచితం అంది అత్తగారు. ఈసారి తల్లి పక్కన కూతురే కూర్చుంది. రైలు ఎక్కింది, దూకింది, మూడు మెలికలూ తిరిగి వచ్చి ఆగింది. భార్య పెట్టె అంచు పట్టుకుని దిగింది. అత్తగారి జుట్టు ముడి ఊడిపోయింది. గుహలో ఎవరో పేపర్లు సరిగ్గా అతికించలేదని ఆవిడ ఫిర్యాదు చేసింది.

*

గడువు ఆఖరి రోజున కోటు పెద్దమనిషి కాగితం పట్టుకుని వచ్చాడు. మనిషి చిక్కిపోయాడు.

"చెవులు నయమయ్యాయయ్యా, బుర్ర పాడైంది. మగ్గు కొనేవాడు కూడా మూడుసార్లు వెళ్ళిపోయినట్టు నటించి వెనక్కొస్తాడు. నిన్నొకావిడ ఎప్పటిదో బకెట్ తెచ్చి మార్చమంది. మార్చనంటే, ఇదివరకు కూర్చునే అమ్మ ఎంత మర్యాదస్తురాలో అని నాకు పాఠం చెప్పింది. నీ కొట్టు నువ్వు తీసుకో. నా రైలు నాకిచ్చెయ్."

కాగితం మీద ఆయన హక్కు నికరంగా ఉంది. తిరిగి ఇస్తే వారం తిరక్కుండా టేపులు మళ్ళీ చుట్టుకుంటాయి. దీపాలన్నీ పచ్చబడతాయి. బతిమాలితే వినే మనిషి కాదు, బెదిరించడానికి తన దగ్గర ఏమీ లేదు. షావుకారు భార్యకేసి చూశాడు.

"సరుకు వాపసు తీసుకునేముందు విప్పి చూసుకోవడం పద్ధతండీ. ఒక ఆట ఎక్కి చూడండి" అంది ఆవిడ కోటు పెద్దమనిషితో.

ఆయన తన రైలును తనే చూసుకోవడమేమిటని నవ్వుతూ ముందు పెట్టెలో కూర్చున్నాడు. ఆపరేటరు రాడ్డు దింపి, కోటు కాస్త సర్దుకోండి సార్ అన్నాడు. ఈ కోటుకు తొమ్మిదేళ్ళ అనుభవముందని ఆయన చెయ్యి ఊపేశాడు. రైలు సగం ఎక్కింది. కోటు అంచు జారి రాడ్డు కిందికి చేరింది. దీపం ఎర్రబడింది. రైలు ఆగింది. హాలంతా తెల్లారింది.

"మొదటి పెట్టెలో కోటు వేసుకున్న పెద్దాయనా" అంది మైకు, ఎంతో మర్యాదగా. "మీ కోటు రాడ్డు కిందికొచ్చింది. మీరు దిగి మెట్ల మీంచి రావాలి. వరుసలో చివర్న నిలబడండి. మిగిలినవాళ్ళు గట్టిగా కూర్చోండి."

ఆయన దిగుతుంటే పిల్లలు అలవాటు కొద్దీ చప్పట్లు కొట్టారు. కింద నల్లబల్ల ముందు ఆగి, దాన్ని పైనుంచి కిందిదాకా చదివాడు. కాగితం, మోకాలు, తడి, స్ప్రింగు. ఆఖర్న భార్య సుద్దముక్క పట్టుకుని అప్పుడే రాస్తోంది: కోటు, వాళ్ళది. ఆయన మొహం మాడిపోయింది.

"ఇదేమిటి షావుకారూ, ఇన్నిసార్లు ఆగిందా? తొమ్మిదేళ్ళు ఒక్కసారి ఆగనిదాన్ని నాలుగు వారాల్లో ఇలా నాశనం చేశావా? పైగా ఊరందరికీ తెలిసేలా రాసిపెట్టావా? దీని పేరు ఇక ఏం మిగిలిందని నేను తీసుకోవాలి?"

షావుకారు నిజమే చెప్పాడు. ఆగింది, ఇకముందూ ఆగుతుంది, టేపులు తనే పీకాడు, ఆగాల్సిన రోజున ఆగబట్టే తన అత్తగారు ఈ పూట ఇంట్లో కాఫీ తాగుతోంది, రేపెప్పుడైనా ఇంజనీరు చెప్పకుండా వస్తే ఆవిడకు కూడా ఇదే చెప్తాడు. ఇందులో ఏ ముక్క కోటు పెద్దమనిషికి నచ్చలేదో తెలియదు, చెప్పకుండా వస్తుందన్నదే ఎక్కువ నచ్చలేదేమో. కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి అక్కడే బుట్టలో వేసి, పాడైన సరుకు తను వాపసు తీసుకోనని చెప్పి, కోటు దులుపుకుని వెళ్ళిపోయాడు. వాపసు గురించి ఆ నెలలో ఆయనకు బాగానే అనుభవం వచ్చినట్టుంది.

ఆ సాయంత్రం ఆఖరి ఆట అయ్యాక షావుకారు ఖాళీ పెట్టె అంచు మీద కూర్చుని మనసులో లెక్క కట్టాడు. పోయినవి: కూడలిలో కొట్టు, దాని పేరు, సెలవుల్లో మంచి రోజులు కొన్ని, తొమ్మిదేళ్ళ మచ్చలేని చరిత్ర. ఆ ఆఖరిది మొదటినుంచీ లేనిదే కాబట్టి దాన్ని నష్టంలో రాయకూడదనుకుని కొట్టేశాడు. వచ్చినవి: ఆగాల్సినప్పుడు ఆగే రైలు, భుజం నొప్పి తగ్గిన ఆపరేటరు, చెప్పకుండా వచ్చి టీ తాగిపోయే ఇంజనీరు, మైకును చేతిలోంచి వదలనంటున్న భార్య, అత్తగారు ఒకరు, చెక్కు చెదరకుండా.